పెట్టె సంగతి తర్వాత, ముందు ఆటల పేర్లు చెప్పు తమ్మీ

ప్రశ్న: అన్నా, మాది జడ్చర్ల. పోలేపల్లి సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తున్నా. ఈ మధ్య చిట్టీ పాడుకుంటే 60 వేలు చేతికొచ్చాయి. ఇంట్లో టీవీకి తగిలించి ఆడే మంచి గేమ్ కన్సోల్ ఒకటి ఉండాలని చిన్నప్పటి నుంచి కోరిక. ఇంటర్ చదివే మా తమ్ముడు జీటీఏ 6 అనే ఆట వస్తుందట, సోనీ వాళ్ల పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కొందామంటున్నాడు. దోస్తులు మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ చవక కదా అంటున్నారు. దుబాయ్‌లో ఉండే బావ వచ్చే నెల వస్తున్నాడు, కొత్తగా వచ్చిన నింటెండో స్విచ్ 2 తెస్తానంటున్నాడు. ఎండాకాలం సెలవులకు అక్క పిల్లలిద్దరూ మా ఇంట్లోనే ఉంటారు. ఇంట్లో 43 అంగుళాల 4కె టీవీ ఉంది. వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాటే. తమ్ముడు రోజూ ఫోన్లో దోస్తులతో బీజీఎంఐ (మన దేశపు పబ్‌జీ) ఆడతాడు. నాన్నేమో "ఫోన్లో ఆడే ఆటకు మళ్లీ పెట్టె ఎందుకురా" అంటున్నాడు. ఇంకా కొత్త కన్సోళ్లు వస్తాయి, ఆగు అనేవాళ్లూ ఉన్నారు. ఏది కొనాలి? అసలు కొనాలా?
– పేరు రాయొద్దు, జడ్చర్ల

జవాబు:

తమ్మీ, నీ ఉత్తరంలో మూడు కన్సోళ్ల పేర్లున్నాయి. వాటిలో ఆడబోయే ఆట పేరు మాత్రం ఒక్కటే ఉంది, అది కూడా ఇంకా బయటికి రానిది. నాకు అనుమానం అక్కడే మొదలైంది.

టీవీ అయితే తెచ్చి గోడకు పెట్టి కేబుల్ తగిలిస్తే ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. కన్సోల్‌కు ఆ సుఖం లేదు. ఆటలు విడిగా కొనాలి. కొత్తగా వచ్చిన పెద్ద ఆట ఒక్కోటి నాలుగు వేలు, అయిదు వేలు పలుకుతోంది. అందుకే ఒక కన్సోల్ కొనదగ్గదా కాదా అనేది చిప్ స్పీడులోనో, డబ్బా మీద రాసిన అక్షరాల్లోనో తేలదు. ఒక కాగితం తీసుకో. వచ్చే ఏడాదిలో కచ్చితంగా ఆడతాననుకునే మూడు ఆటల పేర్లు రాయి. మూడూ ఇవాళ షాపులో దొరికేవై ఉండాలి. ఒక్కో పేరు పక్కన ఆ ఆట ఎవరితో ఆడతావో రాయి. మూడు పేర్లు రావడం లేదంటే, నీకు కావాల్సింది కన్సోల్ ఇంట్లో ఉందన్న సంతోషమే. దానికి 60 వేలు ఎక్కువ.

ఈ పరీక్ష నేను ఊరికే పెట్టడం లేదు. నింటెండో కంపెనీ 2012లో వీ యు అనే కన్సోల్ తెచ్చింది. అప్పటికి అదే కొత్తది, చేతిలో పట్టుకునే స్క్రీన్ కూడా ఇచ్చారు. కానీ దానికి ఆటలు కరువయ్యాయి. బయటి కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ప్రపంచమంతా కలిపి సుమారు కోటీ 35 లక్షలు అమ్ముడై 2017లో ఆగిపోయింది. అదే కంపెనీ అదే 2017 మార్చిలో స్విచ్ తెచ్చింది. పక్కనున్న పీఎస్4తో పోలిస్తే దాని శక్తి తక్కువే. అయినా 15 కోట్లు దాటింది. జనం ఆడాలనుకున్న ఆటలు దాంట్లో ఉన్నాయి, అంతే.

ఇక మీ నాన్న మాట. పెద్దాయనకు గేమ్స్ గురించి తెలియదని కొట్టిపారేయకు, నీ ఉత్తరం మొత్తంలో గట్టి ప్రశ్న ఆయనదే. బీజీఎంఐ ఆండ్రాయిడ్‌కు, ఐఫోన్‌కు మాత్రమే ఉంది. పీఎస్5లో రాదు, ఎక్స్‌బాక్స్‌లో రాదు, స్విచ్‌లో రాదు. కన్సోల్‌లో పబ్‌జీ అసలు ఆట ఉంది కానీ అది వేరే ఆట, వేరే ఐడీ, ఆడేవాళ్లు వేరు. మీ తమ్ముడి ఫోన్ దోస్తులు అక్కడ కనిపించరు. ఫోన్లో ఆడే ఫ్రీ ఫైర్ సంగతీ అంతే. కాబట్టి తమ్ముణ్ని కూర్చోబెట్టి అడుగు: సాయంత్రం దోస్తుల పిలుపు వస్తే ఫోన్ పక్కన పెట్టి టీవీ ముందుకు వస్తావా? రానంటే ఆ పీఎస్5 కోరిక వీడియోలు చూసి పుట్టింది. పదిహేను రోజుల తర్వాత దాని మీద దుమ్ము నువ్వే తుడుస్తావు.

అయితే నాన్నకు చెప్పడానికి నీ దగ్గర కూడా ఒక జవాబు ఉంది. ఫోన్లో ఒక్కొక్కరూ ఒక్కో మూల కూర్చుని ఆడతారు. కన్సోల్ ముందు నలుగురూ ఒకచోట కూర్చుంటారు. నీ ఈడు వాళ్లలో చాలామంది కంప్యూటర్లో ఈఏ అనే గేమ్ కంపెనీ వాళ్ల క్రికెట్ 07 ఆడే ఉంటారు. 2006లో వచ్చిన ఆట, ఆటగాళ్ల పేర్లు మార్చుకుంటూ ఇప్పటికీ ఆడేవాళ్లున్నారు. ఈఏ ఆ తర్వాత అలాంటిది కన్సోళ్లకు మళ్లీ చేయలేదు. ఇప్పుడు ఆస్ట్రేలియాలోని బిగ్ యాంట్ సంస్థ చేసే క్రికెట్ ఆటలున్నాయి, క్రికెట్ 24 అలాంటిదే. ఫుట్‌బాల్ ఇష్టమైతే ఈఏ ఎఫ్‌సీ, కొట్లాట ఇష్టమైతే టెక్కెన్ 8. ఇద్దరు కలిసి ఆడితేనే ముందుకు కదిలే ఇట్ టేక్స్ టూ అని ఒకటుంది, అన్నదమ్ములకు బాగుంటుంది. నైట్ షిఫ్ట్ దిగి పడుకుని లేచాక నీకూ తమ్ముడికీ ఒక గంట దొరుకుతుందా? దొరికితే ఈ ఖర్చుకు అర్థం ఉంది. దొరకకపోతే లేదు. షిఫ్ట్ చార్ట్ నీ దగ్గరే ఉంది కదా, నిజాయితీగా చూసుకో.

ఇప్పుడు అసలు చిక్కు. మీ ఇంట్లో వైఫై లేదు. అమ్మేవాడు ఎవడూ ఈ మాట ముందు అడగడు.

ఇప్పటి పెద్ద ఆటలు 100 జీబీ దాటడం మామూలైంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్యాక్‌తో దించుకోవాలంటే ఒక్క ఆటకు 50 రోజులు. అప్పటికి అక్క పిల్లల సెలవులు అయిపోయి బడులు తెరుస్తారు. అన్‌లిమిటెడ్ 5జీ అని ప్రకటనల్లో ఉన్నా, దానికీ లోపల ఒక హద్దు ఉంటుంది, దాటితే స్పీడు పడిపోతుంది. డిస్క్ కొంటే చాలావరకు గట్టెక్కుతావు కానీ పూర్తిగా కాదు. డిస్క్ పెట్టగానే అప్‌డేట్ అడుగుతుంది, ఒక్కోసారి అదే పదుల జీబీలు ఉంటుంది. అదే 30 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే 100 జీబీ ఏడెనిమిది గంటల్లో దిగుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకు సిద్ధం. అలాంటి కనెక్షన్ నెలకు 400 చిల్లర, పన్నుతో 470 రూపాయల దగ్గర దొరుకుతుంది. మీ వీధికి ఏ కంపెనీ తీగ వస్తుందో, వానొస్తే ఎన్ని రోజులు పోతుందో పక్కింటివాళ్లను అడుగు. కంపెనీ వాడిని అడగకు.

ఈ ఒక్క కారణంతోనే ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌ను మీ ఇంటి లెక్కలోంచి తీసేస్తున్నాను. దానికి డిస్క్ పెట్టే చోటే లేదు. ప్రతి ఆటా నెట్‌లోంచి దిగాలి. 512 జీబీ మోడల్‌లో ఆటలకు మిగిలేది 364 జీబీ దగ్గర, అంటే పెద్ద ఆటలు మూడు పెడితే నాలుగోదానికి ఒకటి తీసేయాలి. తీసేసినది మళ్లీ కావాలంటే మళ్లీ నెట్. దోస్తులు చవక అన్నది పెట్టె ధర చూసి. నెల నెలా చందా కట్టి బోలెడు ఆటలు ఆడుకునే గేమ్ పాస్ దానికి పెద్ద ఆకర్షణ, ఒకప్పుడు నేనూ అదే చెప్పేవాణ్ని. 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఆ చందా బాగా పెంచింది. అమెరికాలో పెద్ద ప్లాన్ 20 డాలర్ల నుంచి 30 డాలర్లకు పోయింది. చందా ఆపిన రోజు ఆ ఆటలూ ఆగిపోతాయి. ఫైబర్ ఉండి, ఒంటరిగా రకరకాల ఆటలు రుచి చూసే మనిషికి అది ఇప్పటికీ పనికొస్తుంది. మీకు కాదు.

బావ తెస్తానన్న స్విచ్ 2 గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే అది చెడ్డ వస్తువు కాదు. 2025 జూన్ 5న వచ్చింది. టీవీకి తగిలించొచ్చు, ఊడదీసి చేతిలోనూ ఆడొచ్చు. పక్కలకున్న రెండు ముక్కలు విడదీస్తే ఇద్దరు ఆడుకోవచ్చు, వేరే కంట్రోలర్ వెంటనే కొనక్కర్లేదు. చిన్నపిల్లల ఆటల్లో దానికి సాటి లేదు. అక్క పిల్లలు వదలరు. కానీ నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు. వారంటీకి తీసుకెళ్లడానికి మహబూబ్‌నగర్‌లోనే కాదు, హైదరాబాద్‌లో కూడా కంపెనీ సర్వీస్ సెంటర్ లేదు. చెడిపోతే ఎవరైనా ప్రైవేటు రిపేరు షాపు చేతిలో పెట్టాలి, లేదా బావ మళ్లీ దుబాయ్ వెళ్లేదాకా అటక మీద పెట్టాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. దాని ఆటల్లో కొన్ని గేమ్ కీ కార్డులని వస్తాయి. చూడటానికి కార్డే, లోపల ఆట ఉండదు. పెడితే తాళంలా పనిచేస్తుంది, ఆట మొత్తం నెట్ నుంచి దించుకోవాలి. డబ్బా మీద రాసి ఉంటుంది, చదవకుండా తెచ్చుకుంటే హాట్‌స్పాట్ ఇంట్లో పని అంతే. పైగా తమ్ముడు అడిగే జీటీఏ 6ను ప్రకటించింది పీఎస్5కు, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకు.

ఆ ఆట మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. మొదట 2025లో అన్నారు, తర్వాత 2026 మే అన్నారు, ఆ తర్వాత 2026 నవంబరు 19 అని ప్రకటించారు. రాని ఆట కోసం ఇవాళ పెట్టె కొనడం అంటే మన డబ్బు ఊరికే పడుకోవడం. వచ్చాక, నలుగురు ఆడి బాగుందన్నాక కొన్నా ఆట ఎటూ పోదు. జీటీఏ 5 బయటికొచ్చింది 2013లో, ఇంకా ఆడుతూనే ఉన్నారు కదా. ఒక మాట, ఆ వరస ఆటలు 18 ఏళ్లు నిండినవాళ్లకు చేసినవి. అక్క పిల్లలు పక్కన కూర్చుని చూసేది కాదు.

"ఆగు, ఇంకా కొత్తవి వస్తాయి" అనేవాళ్లది సగం నిజం. వస్తాయి. సోనీ, మైక్రోసాఫ్ట్ రెండూ చిప్‌లు చేసే ఏఎండీ కంపెనీతో కలిసి తర్వాతి తరం చిప్‌ల మీద పనిచేస్తున్నట్టు 2025లోనే చెప్పాయి. కానీ కొత్తది వచ్చిన మర్నాడు పాతది చెత్తబుట్టలో పడదు. పీఎస్4 వచ్చింది 2013లో. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ అనే ఆట 2022 నవంబరులో వచ్చినప్పుడు దానికీ ఇచ్చారు, అంటే తొమ్మిదేళ్ల తర్వాత. అదీగాక కొత్తది రాగానే కొనేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంటుంది. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360ల్లో చాలావాటికి ముందువైపు ఎర్ర లైట్లు వెలిగి ఆగిపోయే జబ్బు పట్టుకుంది. 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీ కాబట్టి భరించింది. సర్వీస్ సెంటర్ ఊళ్లో లేని మనలాంటి వాళ్లు మొదటి ఏడాది వరసలో నిలబడకపోవడమే మేలు.

ఆగితే ధర తగ్గుతుందనే ఆశ మాత్రం వదులుకో. ఒకప్పుడు తగ్గేది. పీఎస్2 2000లో అమెరికాలో 299 డాలర్లకు వచ్చి 2009కల్లా 99కి దిగింది. పీఎస్5 కథ తిరగబడింది. మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న డిస్క్ మోడల్ 49,990కి వచ్చింది, తర్వాత 54,990 అయింది. అమెరికాలో 2025 ఆగస్టులో 50 డాలర్లు పెంచారు. అయిదేళ్ల పాత వస్తువు ఖరీదెక్కడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పండగ ఆఫర్లలో కొంత తగ్గిస్తుంటారు, చూడాల్సింది అదొక్కటే.

ఇప్పుడు చిట్టీ. పాడుకున్న చిట్టీ అంటే నీ దగ్గర మిగులు ఉందని కాదు తమ్మీ, ఇంకా కట్టాల్సిన వాయిదాలు ఉన్నాయని. ఎన్ని నెలలు మిగిలాయో నువ్వు రాయలేదు. ఆరు నెలల్లోపు అయితే ఒక రకం, ఏడాదికి పైగా ఉంటే ఇంకో రకం. ఎందుకంటే పెట్టె 55 వేలు అనుకుంటే ఖర్చు అక్కడ ఆగదు. డబ్బాలో కంట్రోలర్ ఒకటే వస్తుంది, రెండోది ఆరు వేల దగ్గర. మూడేళ్లలో ఆరు ఆటలు కొన్నా, నాలుగు వేల చొప్పున 24 వేలు. ఫైబర్ మూడేళ్లకు 17 వేలు. మొత్తం లక్ష దాటింది. నెలకు 2,800 పైచిలుకు. ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడాలంటే చాలా ఆటలకు సోనీ చందా కూడా కావాలి, అది నేను కలపలేదు, అన్నదమ్ములు ఇంట్లో ఆడుకోవడానికి అక్కర్లేదు కాబట్టి. ఈ 2,800ను చిట్టీ వాయిదా పక్కన పెట్టి, నాన్నకు చూపించి మాట్లాడు. పెట్టె ధర ఒక్కటే చెప్పి ఒప్పించకు. తర్వాత ప్రతి డిస్క్‌కూ పంచాయితీ అవుతుంది.

ఈ లెక్క తగ్గే దారి ఒకటుంది, డిస్కులు. ఆడేసిన డిస్క్ అమ్ముకోవచ్చు, దోస్తులతో మార్చుకోవచ్చు, హైదరాబాద్‌లో పాతవి కొనే షాపులున్నాయి. డౌన్‌లోడ్ చేసిన ఆటను అలా చేయలేవు. అందుకే డిస్క్ పెట్టే చోటు లేని డిజిటల్ మోడల్ ధర తక్కువని మోజు పడొద్దు. మూడు నాలుగు డిస్కులు చేతులు మారితే ఆ తేడా వచ్చేస్తుంది. ఒకవేళ స్లిమ్ డిజిటల్ ఇప్పటికే ఎవరైనా బహుమతిగా ఇస్తే డిస్క్ డ్రైవ్ తర్వాత విడిగా తగిలించుకోవచ్చు, మొదటిసారి జత చేయడానికి నెట్ కావాలి.

కరెంటు గురించి నాన్న అడగబోతాడు, ముందే చెబుతున్నా. పెద్ద ఆట నడిచేటప్పుడు పీఎస్5 రెండు వందల వాట్ల దగ్గర లాగుతుంది. టీవీతో కలిపి రోజుకు రెండు గంటలంటే నెలకు 18, 20 యూనిట్లు. తక్కువే. కానీ మీకు గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తుంటే, మీటరు ఇప్పటికే 185, 190 దగ్గర ఆగుతుంటే, ఆ 20 యూనిట్లతో రెండు వందలు దాటి మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది. ఎండాకాలం కూలర్ నడిచే నెలల్లో ఇది జరిగే పనే. పాత బిల్లులు తీసి చూడు.

ఎండ సంగతి మరీ ముఖ్యం. పీఎస్5 మాన్యువల్‌లో అది పనిచేయాల్సిన గది వేడి 5 నుంచి 35 డిగ్రీలని రాసి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన పాలమూరులో మధ్యాహ్నం నలభై దాటుతుంది. పిల్లలు ఆడతామని గోల పెట్టేది కూడా సరిగ్గా ఆ మధ్యాహ్నాలే. అద్దాల షోకేసులో మాత్రం పెట్టకు. చుట్టూ జానెడు ఖాళీ ఉండేలా బయట పెట్టు, కూలర్ తడిగాలి నేరుగా తగలకుండా చూడు, పొద్దున, రాత్రి ఆడుకునే రూలు పెట్టు. ఆట దిగుతున్నప్పుడు, సేవ్ అవుతున్నప్పుడు కరెంటు పోతే డేటా పాడవ్వొచ్చు, ఇన్వర్టర్ లైన్ మీదో, యూపీఎస్ మీదో ఉంచు.

ఇంతకీ నా మాట ఇది. ఈ నెల కొనకు. ముందు ఫైబర్ పెట్టించు, అది ఇంట్లో అందరికీ పనికొస్తుంది. ఒక సెలవు రోజు తమ్ముణ్ని తీసుకుని హైదరాబాద్‌లో గంటల లెక్కన పీఎస్5 ఆడించే గేమింగ్ కేఫ్‌కు వెళ్లు. కాగితం మీద రాసిన మూడు ఆటల్లో ఒకటైనా ఆడి చూడండి. తిరిగొచ్చాక తమ్ముడు దాని గురించే మాట్లాడుతున్నాడా, బస్సులోనే బీజీఎంఐ తెరిచాడా గమనించు. చిట్టీ వాయిదాలు సగమైనా తీరి, మూడు పేర్లూ అలాగే ఉంటే, పండగ ఆఫర్‌లో డిస్క్ ఉన్న పీఎస్5 కొను. మన దేశం వారంటీ ఉన్నదే తీసుకో, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో. ఆస్ట్రోస్ ప్లేరూమ్ అని ఒక చిన్న ఆట దాంట్లో ముందే ఉంటుంది, పైసా అక్కర్లేదు, మొదటి వారం దాంతో గడిచిపోతుంది, పిల్లలకూ నచ్చుతుంది.

బావకు మాత్రం ఇవాళే ఫోన్ చేసి స్విచ్ వద్దని చెప్పు. టికెట్ దగ్గర పడ్డాక చెబితే అప్పటికే కొనేసి ఉంటాడు, అక్క ముందు నువ్వు కాదనలేవు.